ఒక కారు, రెండు పనులు: ముందు తేల్చుకోవలసింది ఇంజను కాదు

ఇది పొడుగు పోస్టు. మినుము గురించి రాస్తానన్నాను గదా అని తెరిచినవాళ్ళు కాస్త ఆగండి, అది ఆదివారం రాస్తా. ఈసారి కారు గురించి. ట్రాక్టరు తోలుకునేవాడివి నీకు కార్ల గొడవ ఎందుకయ్యా అంటారేమో, ముందు చదవండి, తర్వాత తిట్టండి.

సంగతేంటంటే, మా చెల్లెలి కొడుకు ఇంగ్లండులో కవెంట్రీ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి సొంతంగా ఒక కారు కట్టుకోవాలని ఉంది. కొనుక్కోవటం కాదు, కట్టుకోవటం. అక్కడ కిట్ కార్లని ఉంటాయి. చట్రం, పైరేకులు, బ్రాకెట్లు ఒక కంపెనీ అమ్ముతుంది. ఇంజను, గేరుబాక్సు, వెనక ఇరుసు, స్టీరింగు లాంటివి ఒక పాత కారు ఊడదీసి అందులోంచి తీసుకుంటారు. రెండూ కలిపి ఇంటి షెడ్డులో స్పానర్లు పట్టుకుని బిగించుకుంటారు. శని ఆదివారాలు ఆ కారులో పల్లెదారుల్లో తిరగాలి, ఏడాదికి కొన్నిసార్లు అదే కారు రేసు ట్రాకు మీదికి తీసుకెళ్ళి తనివితీరా తోలాలి. ఇదీ వాడి కోరిక.

మా కుటుంబం వాట్సాప్ గ్రూపు దీనిమీద రెండుగా చీలింది. పెద్దవాళ్ళంతా డబ్బు ఎక్కువైందని ఒకటే పాట. కుర్రాళ్ళంతా 200 గుర్రాల ఇంజను పెట్టు, టర్బో పెట్టు, రేసు టైర్లు వెయ్యి అని రెచ్చగొట్టటం. మా చెల్లెలు మాత్రం నాకు విడిగా ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడు నీ మాటే వింటాడు, వద్దని చెప్పు" అంది. నేను వద్దని చెప్పలేదు. చెప్పను కూడా. ముప్ఫై ఏళ్ళవాడు సొంత సంపాదనతో, సొంత చేతులతో ఒక యంత్రం కట్టుకుంటానంటే అది తాగుడూ కాదు, పేకాటా కాదు. కానీ గ్రూపులో కుర్రాళ్ళు చెప్పినట్టు కడితే మాత్రం వాడు చచ్చేంత ప్రమాదం ఉంది. అందుకని నా అభిప్రాయం ఇక్కడ గట్టిగానే రాస్తున్నా. ఇలాంటి కారు రోడ్డు కోసం కట్టి ట్రాక్కి తీసుకెళ్ళాలి. ట్రాకు కోసం కట్టి రోడ్డు మీదికి తేకూడదు.

ఈ కిట్ కార్ల పుట్టుక తెలిస్తే మీకూ ముచ్చటేస్తుంది. 1957లో కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు లోటస్ సెవెన్ అని ఒక కారు తెచ్చాడు. తలుపులు లేవు, పైకప్పు లేదు, నాలుగు చక్రాలు, రెండు సీట్లు, పొడుగాటి ముక్కు. అప్పట్లో ఇంగ్లండులో పూర్తిగా తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది. విడిభాగాలుగా కొంటే పడేది కాదు. సరేనని విడిభాగాలుగా అమ్మాడు. ప్రభుత్వం ఊరుకుంటుందా, బిగించే విధానం కాగితం కూడా ఇస్తే అది కారు అమ్మినట్టే అంది. అప్పుడు వాళ్ళు బిగించే కాగితం మానేసి, కారు ఊడదీసే విధానం రాసిచ్చారు. కొన్నవాడు దాన్ని కిందినుంచి పైకి చదువుకుంటూ బిగించుకోవటమే. మన దగ్గర ఆర్టీఏ బ్రోకర్లకు కూడా ఈ ఉపాయం తట్టదు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది. అదే ఏడాది ఆ కారు తయారీ హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థకు వెళ్ళాయి, ఇవాళ్టికీ దాదాపు అదే రూపంలో అమ్ముతోంది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని ఏకంగా పుస్తకం రాశాడు. ఇనుప గొట్టాలు కోసి వెల్డింగ్ చేసుకునే కొలతలతో సహా. ఇప్పుడు ఆ డబ్బుకి మంచి టైర్లు నాలుగు రావు, అది వేరే మాట.

మావాడు చూస్తున్నది మాజ్దా ఎమ్‌ఎక్స్-5 అనే పాత కారు సామాన్లతో కట్టే రకం. ఆ కారు 1989లో వచ్చింది. ఇంజను ముందు, నడిపే చక్రాలు వెనక. తుప్పు పట్టి ఏడాది పరీక్షలో ఫెయిలైన ఎమ్‌ఎక్స్-5లు అక్కడ చవగ్గా దొరుకుతాయట. రేకు పోయినా మనకేం, ఇంజను, గేరుబాక్సు బాగుంటే చాలు. గానుగ పాడైనా ఎద్దు బాగుంటే కొన్నట్టు.

ఇక అసలు విషయం. ఒకే యంత్రంతో రెండు పనులు చెయ్యటం అంటే ఏంటో రైతుకంటే బాగా ఎవడికి తెలుసు? మన ట్రాక్టరే తీసుకోండి. పొద్దున దమ్ము చెయ్యాలి, సాయంత్రం ట్రక్కు తగిలించి బస్తాలు మిల్లుకు తోలాలి. చేలో కావలసింది ఒకటి, తారురోడ్డు మీద కావలసింది ఇంకొకటి. దమ్ము చక్రాలు బురదలో బంగారం, రోడ్డెక్కితే రోడ్డూ నాశనం, బండీ నాశనం. వెనక టైర్లలో నీళ్ళు నింపితే నాగలికి పట్టు, రోడ్డు మీద అనవసరపు బరువు. డిఫరెన్షియల్ లాక్ బురదలో దిగబడినప్పుడు దేవుడు, రోడ్డు మలుపులో యముడు.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. ట్రాక్టరు నడిపినవాళ్ళకి తెలుసు, కుడి చక్రానికి ఒక పెడలు, ఎడమ చక్రానికి ఒక పెడలు. చేలో మూల తిరిగేటప్పుడు ఒక పక్క బ్రేకే తొక్కితే ఉన్నచోటే తిరుగుతుంది. రోడ్డెక్కేముందు రెండు పెడళ్ళనూ కలిపే చిన్న కొక్కెం వెయ్యాలి. ఆ కొక్కేనికి అర నిమిషం పట్టదు. మా పక్కూళ్ళో ఒక పిల్లాడు నాలుగేళ్ళ కింద చేలోంచి నేరుగా రోడ్డెక్కాడు, వెనక ట్రక్కులో వడ్లు. కొక్కెం వెయ్యలేదు. కాలవ కట్ట మలుపులో ఎదురుగా బస్సు వచ్చేసరికి బ్రేకు తొక్కాడు, ఒక్క చక్రమే పట్టింది. ట్రాక్టరు పక్కకి లాగేసి కాలవలోకి పల్టీ కొట్టింది. పిల్లాడు దాని కింద. ట్రాక్టరులో ఏ లోపమూ లేదు. చేలోకి సిద్ధం చేసిన బండి రోడ్డు మీద ఉంది, అంతే.

మా మేనల్లుడికి నేను చెప్పింది ఇదే ముక్క. "ఒరే, నువ్వు కట్టేదానికి ఆ కొక్కెం ఎక్కడుందో ముందు చూసుకో" అన్నాను. వాడికి అర్థమైంది. ఎందుకంటే వాడూ చిన్నప్పుడు సెలవుల్లో మా ట్రాక్టరు మీద మడ్‌గార్డు పట్టుకుని కూచున్నవాడే.

అంటే ఏం చెయ్యాలి? కారులో ఉన్న సామానంతా రెండు రాశులు పొయ్యాలి. ఒక గంటలో ఇంట్లోనో ట్రాకు దగ్గరో మార్చుకోగలిగినవి ఒక రాశి. ఒకసారి బిగిస్తే ఇక మారనివి ఒక రాశి. మారేవాటిని రెండు జతలు పెట్టుకో. మారనివాటిని మాత్రం రోడ్డుకే కట్టు. సగం ఇటు సగం అటు అని మధ్యలో ఆగితే రెండు చోట్లా చెడుతుంది. దమ్ము చక్రాలకు రబ్బరు తొడిగి రోడ్డు మీద నడుపుతామంటే నడుస్తుందా?

టైర్లు మొదటి రాశి. ట్రాకు కోసం అమ్మే సెమీ స్లిక్ టైర్లుంటాయి. గాట్లు తక్కువ, రబ్బరు మెత్తన, వేడెక్కితే బల్లిలా అంటుకుంటాయి. రోడ్డు మీద వాడటానికి చట్టం ఒప్పుకునేవి కూడా ఉన్నాయి. కానీ చట్టం ఒప్పుకుంటే సరిపోదు. ఈ కార్ల బరువు 600 కిలోల చుట్టూ, అంటే మన పాత మారుతీ 800 అంత కూడా ఉండదు. అంత తేలిక బండి, ఇంగ్లండు చలి, నిదానంగా పోయే రోడ్డు, ఇక టైరు వేడెక్కేదెప్పుడు? వేడెక్కని సెమీ స్లిక్ చెక్కముక్కతో సమానం. పైగా వాన. గాట్లు లేని టైరు కింద నీళ్ళు పక్కకి పోవు, బండి నీళ్ళ మీద తేలిపోతుంది. కాబట్టి రోడ్డుకి మామూలు మంచి టైర్లు, ట్రాక్కి ఇంకో నాలుగు చక్రాల మీద ఇంకో జత. అసలు మొదటి ఏడాది రోడ్డు టైర్లతోనే ట్రాకు తిరగమన్నాను. అవి జారేముందు చెబుతాయి, కీచుమంటాయి. ఆ మాట వినటం నేర్చుకున్నాక ఖరీదైన టైర్లు కొనుక్కోవచ్చు.

బ్రేకుల దగ్గర కొంచెం సేపు ఆగుదాం, ఎక్కువమంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఇంటర్‌లో చదువుకున్నాం గదా, గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని. గంటకు 80 కిలోమీటర్ల నుంచి ఆపటానికి ఎంత వేడి పుడుతుందో, 160 నుంచి ఆపటానికి దానికి నాలుగింతలు పుడుతుంది. ట్రాకు మీద ప్రతి చుట్టులో రెండు మూడుసార్లు అలా తొక్కుతూనే ఉండాలి, చల్లారే వ్యవధి ఉండదు. ఆ వేడి డిస్కు నుంచి ప్యాడుకి, ప్యాడు నుంచి బ్రేకు ఆయిలుకి ఎక్కుతుంది. డాట్ 4 అని డబ్బా మీద రాసి ఉండే ఆయిలు కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కిన ఆయిలుకి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు, బుడగలు వస్తే పెడలు మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. అందుకని ట్రాక్కి వెళ్ళే ముందు కొత్త ఆయిలు పొయ్యాలి. దానికయ్యే ఖర్చు ఒక పూట హోటల్ భోజనం. ఈ పని చెయ్యకుండా టర్బో కొనేవాడిని ఏమనాలి?

ప్యాడ్లలో ఇంకో మెలిక. అచ్చంగా రేసు ప్యాడ్లు వేడెక్కితేగాని పట్టవు. రోడ్డు మీద మొదటి బ్రేకు ఎప్పుడూ చల్లటి బ్రేకే. ఇంటి సందు చివర సైకిలు మీద పిల్లాడు అడ్డమొస్తే, ఆగవయ్యా నా ప్యాడ్లు ఇంకా కాగలేదు అని చెబుతామా? చల్లగా ఉన్నప్పుడూ పట్టేవి, కాస్త వేడికి కూడా తట్టుకునేవి మధ్యరకం ప్యాడ్లున్నాయి. వాటితో ట్రాకు మీద పది పదిహేను నిమిషాలు తిరిగి, ఒక చుట్టు నిదానంగా వేసి చల్లార్చుకుని బయటికి రావచ్చు. ఇక్కడ మాత్రం మధ్యరకమే మేలు, నేను పైన చెప్పిన సూత్రానికి ఇది మినహాయింపు. ఎందుకంటే ఇంటినుంచి ట్రాక్కి పోయే దారిలో కూడా బ్రేకు కావాలి గదా.

రెండో రాశిలో పెద్దది మనిషి కూచునే చోటు. వాడు తల చుట్టూ గొట్టాల పంజరం, ఆరు పట్టీల బెల్టు అనుకుంటున్నాడు. ట్రాకు మీద తలకి హెల్మెట్ ఉంటుంది, పంజరం ప్రాణం కాపాడుతుంది. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా అదే గొట్టం తల పక్కన నాలుగంగుళాల దూరంలో ఉంటే చిన్న గుద్దుకే పుర్రె పగులుతుంది. ఆరు పట్టీల బెల్టు బిగిస్తే కదల్లేరు, నాలుగు రోడ్ల కూడలిలో ముందుకి వంగి చూడటానికి వీలుండదు. నా మాట ఏంటంటే, సీట్ల వెనక గట్టి రోల్ బార్ ఒకటి చట్రానికే వెల్డింగ్ చేసినది, రోడ్డుకి మామూలు కార్లలో ఉండే మూడు చోట్ల పట్టే బెల్టు, ట్రాక్కి ఆరు పట్టీలది విడిగా బోల్టులతో. ఆ బోల్టులు పట్టే చోట్లు మాత్రం చట్రం కట్టేటప్పుడే పెట్టించుకోవాలి. తర్వాత రేకుకి బెజ్జం పెట్టి బిగించిన బెల్టు మొక్కుబడి బెల్టు.

ఎత్తు గురించి ఎక్కువ చెప్పను. కారు ఎంత కిందికుంటే మలుపులో అంత బాగుంటుంది, అంతగా స్పీడు బ్రేకరుకి ఇంజను కింద చాంబరు పగులుతుంది. ఎత్తు, బిగువు మార్చుకోగలిగిన షాకబ్జార్లు దొరుకుతాయి, అవి కొనాలి. డబ్బు పెట్టాల్సిన చోట అదొకటి. చాంబరు లోపల అడ్డుపలకలు కూడా వేయించాలి. పొడుగాటి మలుపులో ఆయిలంతా ఒక పక్కకి పోయి పంపుకి అందకపోతే, బేరింగులు క్షణాల్లో పోతాయి. బిందెలో నీళ్ళు పట్టుకుని గిర్రున తిరిగితే ఏమవుతుందో అదే.

ఇక ఇంజను. కుర్రాళ్ళందరూ ఇక్కడ మొదలుపెడతారు, నేను చివర్లో పెడుతున్నా. పాత ఎమ్‌ఎక్స్-5లో ఉండే 1.6 లీటర్ల ఇంజను 115 గుర్రాల చిల్లర ఇస్తుంది. అసలు కారు బరువు 950 కిలోల పైన. అదే ఇంజను 600, 650 కిలోల బండిలో పెడితే మూడో వంతు బరువు పోయినట్టే. ఒక్క పైసా ఖర్చు లేకుండా బండి పరిగెత్తటం మొదలుపెడుతుంది. దీనికింకా టర్బో అంటే, రేడియేటర్ పెద్దది కావాలి, గేరుబాక్సు తట్టుకోవాలి, క్లచ్ మార్చాలి, బ్రేకులు మళ్ళీ పెంచాలి. ఐదెకరాల చేనుకి 75 గుర్రాల ట్రాక్టరు కొని ఈఎమ్‌ఐ కట్టలేక అమ్ముకున్నవాళ్ళని మనం చూడలేదా. వాడు పెట్టగలిగేది మొత్తం 12 వేల పౌండ్లు. అందులో నాలుగో వంతు కట్టటానికి కాదు, కట్టిన తర్వాతి ఏడాదికి అట్టే పెట్టమన్నాను. టైర్లు, ప్యాడ్లు, ఆయిలు, ట్రాకు ఫీజు, ఇన్సూరెన్సు. రోడ్డు ఇన్సూరెన్సు మామూలుగా ట్రాకు మీద చెల్లదు, ఆ రోజుకి విడిగా తీసుకోవాలి. ఇల్లు కట్టి గృహప్రవేశం భోజనాలకి అప్పు చేసినట్టు కాకూడదు.

కట్టటం అయ్యాక రోడ్డెక్కటానికి అక్కడొక పరీక్ష ఉంది. ఐవీఏ అంటారు, 2009 నుంచి ఉంది. ఒక్కొక్క కారునీ విడిగా చూస్తారు. లైట్లు, అద్దాలు, బ్రేకులు, బెల్టు బిగించిన చోట్లు, పొగ, స్పీడోమీటరు నిజం చెబుతుందా లేదా, స్టీరింగు వదిలేస్తే దానంతటది మధ్యకి వస్తుందా లేదా, ఇలా. బయటికి పొడుచుకొచ్చిన ఏ అంచూ పదునుగా ఉండకూడదు, కనీసం రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలి, నడిచేవాడికి తగిలితే కోసుకోకూడదని. శబ్దం 99 డెసిబెల్స్ దాటకూడదు. కొందరు పరీక్ష కోసం రబ్బరు అంచులు అతికించి, పాసయ్యాక పీకేస్తారట. మన దగ్గర ఫిట్‌నెస్ రోజున పక్కవాడి రిఫ్లెక్టర్లు అరువు తెచ్చుకున్నట్టు. ఆ పని చెయ్యొద్దని మావాడికి ఖచ్చితంగా చెప్పా. ఆ అంచు ఉన్నది ఆఫీసరు కోసం కాదు.

సైలెన్సరు సంగతి ముందే చూసుకోమన్నాను. ట్రాకు అంటే ఎంత మోతైనా చెయ్యొచ్చు అనుకుంటారు. కాదు. అక్కడి ట్రాకులు పొలాల మధ్య, ఊళ్ళ పక్కన ఉంటాయి, చుట్టుపక్కలవాళ్ళు ఫిర్యాదులు పెడతారు. కొన్నిచోట్ల నిలబెట్టి కొలిస్తే 105 దాకా ఒప్పుకుంటారు, డోనింగ్టన్ లాంటి చోట మామూలు రోజుల్లో 98 దగ్గరే ఆపుతారు. గేటు దగ్గర కొలుస్తారు, ఎక్కువైతే డబ్బు కట్టినా ఇంటికి పొమ్మంటారు. రోడ్డు పరీక్షకి 99లో పాసైన కారు కూడా అక్కడ గేటు బయట నిలబడాల్సిందే. నిశ్శబ్దంగా కట్టుకున్నవాడు అన్ని గేట్లూ దాటతాడు.

ట్రాకు రోజు అంటే రేసు కాదని కూడా ఇక్కడ చెప్పాలి, మా చెల్లెలి కోసం. టైము కొలవనివ్వరు. ముందువాడు దారిస్తేనే, చెప్పిన పక్కనుంచే దాటాలి. హెల్మెట్ తప్పనిసరి, చేతులు కప్పుకోవాలి, మొదట కొన్ని చుట్లు నిదానంగా తిప్పిస్తారు. ఎదురుగా బస్సు రాదు, బర్రె రాదు, లైట్లు లేని ట్రాక్టరు రాదు. నిజం చెప్పాలంటే రాత్రిపూట మన హైవే మీద బైకు మీద వచ్చేవాడికంటే ఆ ట్రాకు మీద తిరిగేవాడు భద్రం.

ఒకాయన, మా వియ్యంకుడి తమ్ముడు, గ్రూపులో ఇంకో వాదన పెట్టారు. ఒక కారు రెండు పనులు ఎందుకండీ, ట్రాక్కి మాత్రమే ఒకటి కట్టి ట్రాలీ మీద తీసుకెళ్ళమనండి, పరీక్షా అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, మామూలు కారు ఎలాగూ ఉంది గదా అన్నారు. మంచి వాదన. కొట్టిపారెయ్యను. నెలకి రెండుసార్లు ట్రాక్కి పోయేవాడైతే నేనూ అదే చెబుతాను. కోతమిషను ఎవరైనా రోడ్డు మీద సరుకు తోలటానికి కొంటారా? కానీ రోజులు లెక్కపెట్టాలి. మావాడిని లెక్క వెయ్యమంటే, ఉద్యోగం, సెలవులు, వానలు అన్నీ చూసి ట్రాకు ఏడాదికి నాలుగు రోజులు తేలింది. రోడ్డు మీద తిరిగేది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికి ఒక రోజు అనుకున్నా పాతిక రోజులు. నాలుగు రోజుల కోసం ట్రాలీ, దాన్ని లాగే బండి, అవి రెండూ పెట్టుకునే జాగా అద్దె ఇంట్లో ఎక్కడ? పైగా వాడి ఊరినుంచి మాలరీ పార్క్ అనే ట్రాకు దగ్గరే, కారులోనే పోయి కారులోనే రావచ్చు. పాతిక రోజులకి కట్టు, నాలుగు రోజులకి మార్చుకో. లెక్క అంతే. రేపు ఆ నాలుగు ఇరవై అయితే అప్పుడు ఆలోచిద్దాం.

ఇక్కడ చదువుతున్న కుర్రాళ్ళకి ఒక మాట. ఇది చూసి మీరూ పాత మారుతీ కోసి కారు కట్టి రోడ్డెక్కుతానంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కొత్తగా కట్టిన బండికి ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల నమూనా పరీక్ష కావాలి, అది ఫ్యాక్టరీలకి పెట్టింది, షెడ్డులో ఒక్క కారు కట్టుకునేవాడికి అందేది కాదు. ఇంగ్లండులో ఉన్నట్టు ఒక్క కారుకి ఒక్క పరీక్ష మన దగ్గర లేకపోవటం నాకు నచ్చదు. స్పానరు పట్టే చేతులు మన దగ్గర తక్కువా? రెండు పాత ఇంజన్లు కలిపి ఒకటి చేసి నడిపే మెకానిక్కులు ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నారు. కఠినమైన పరీక్షే పెట్టండి, ఫీజు తీసుకోండి, ఫెయిలైతే పక్కన పెట్టించండి. అసలు తలుపే మూసేస్తే కుర్రాళ్ళు దొంగచాటుగా సైలెన్సర్లు పీకి రాత్రి పూట ఔటర్ రింగు రోడ్డు ఎక్కుతున్నారు.

ఉన్న దారులు కూడా లేకపోలేదు. కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వే ఉంది, కరివర్ధన్ అనే ఆయన పేరుమీద. ఆయన మారుతీ 800 ఇంజనుతో ఫార్ములా మారుతీ అనే రేసు కార్లు కట్టించి ఎంతోమంది కుర్రాళ్ళని రేసులోకి తెచ్చాడు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఇంకో ట్రాకుంది. ట్రాకు మీద మాత్రమే తిరిగేదానికి రోడ్డు రిజిస్ట్రేషను అక్కర్లేదు. ఇంజనీరింగ్ చదివే పిల్లలకైతే బాహా పోటీ ఉంది, 2007 నుంచి జరుగుతోంది, విద్యార్థులే చట్రం వెల్డింగ్ చేసుకుని బండి కట్టి పోటీకి దించాలి. మన రెండు రాష్ట్రాల కాలేజీలనుంచీ జట్లు వెళుతున్నాయి. మీ పిల్లాడు అందులో చేరతానంటే మార్కులు పోతాయని ఆపకండి. నాలుగేళ్ళలో వాడు చేతితో నేర్చుకునేది ఆ ఒక్క ఏడాదే కావచ్చు.

మా చెల్లెలికి నిన్న రాత్రి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. "నువ్వూ వాడి పక్షమేగా" అని కోప్పడింది. తర్వాత కాసేపాగి, ఆ పరీక్ష చేసే ఆఫీసరు నిజంగా బెల్టు చూస్తాడా అని అడిగింది. చూస్తాడమ్మా, బోల్టు బోల్టూ చూస్తాడు అన్నాను. వాడు ఈ శనివారం ఒక తుప్పు ఎమ్‌ఎక్స్-5 చూడటానికి వెళుతున్నాడు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడమని, పొగ రంగు చూడమని, గేర్లన్నీ వేసి చూడమని చెప్పా. రేకు ఎంత పాడైతే అంత బేరం ఆడమన్నా.

బాహా బళ్ళు కట్టిన పిల్లలెవరైనా మన పేజీలో ఉంటే, ముందు వెనక బ్రేకుల పాలు తేలిక బండికి ఎలా సరిచేస్తారో కింద రాయండి, వాడికి పంపుతాను. ఆదివారం మినుములో పల్లాకు తెగులు గురించి రాస్తా.